ఖాళీ బుట్టను నమ్మాను

లింగాకర్షక బుట్టలో మగ పురుగు పడలేదంటే తోటలో పురుగు లేదని కాదు. కీటకశాస్త్రం చదువుకున్నవాణ్ణి, ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలిసీ ఖాళీ బుట్టను నమ్మాను. నా మాట మీద మందు కొట్టడం మానుకున్న ఒక యాపిల్ రైతు ఆ ఏడు ఒక తోట కాయను దాదాపు అంతా రసం ఫ్యాక్టరీకి తోలాల్సి వచ్చింది. తాజా పండుగా అమ్ముడుపోయే కాయ ధరకూ రసానికి పోయే కాయ ధరకూ పొంతనే ఉండదు. కోత కూలి, నీళ్ల ఖర్చు తీసేస్తే రైతుకు మిగిలేదేమీ లేదు. ఆ తప్పు ఎలా జరిగిందో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అప్పుడు నేను నమ్ముకున్న, వాసనతో పురుగును తికమక పెట్టే పద్ధతే ఇప్పుడు మన పత్తి చేలల్లోకి వస్తోంది కాబట్టి ఇంకా వాయిదా వేయడం తగదనిపించింది.

నేనుండేది అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, పై చదువుకు ఇక్కడికి వచ్చి, తోటలు తిరిగి పురుగూ తెగులూ చూసి రైతులకు సలహా చెప్పే పనిలో కుదురుకున్నాను. అమెరికాలో పండే యాపిల్‌లో సగానికి పైగా ఈ రాష్ట్రానిదే. హైదరాబాద్, విజయవాడ పండ్ల దుకాణాల్లో చిన్న స్టిక్కర్‌తో మెరిసే ఎర్ర వాషింగ్టన్ యాపిల్ ఇక్కడి నుంచే వస్తుంది. పచ్చని ప్రాంతమని అనుకుంటారు గానీ, కాస్కేడ్ కొండలకు తూర్పున ఉన్న ఈ లోయలో ఏడాదికి కురిసే వాన మన అనంతపురంలో కురిసే దాంట్లో సగం కూడా ఉండదు. కొండల మీద కరిగిన మంచు కాలువల్లో వస్తేనే తోట బతుకుతుంది.

ఈ తోటలకు పెద్ద శత్రువు కాడ్లింగ్ మాత్ అనే రెక్కల పురుగు. ఒక సెంటీమీటరు పొడవు, బూడిద రంగు, రెక్కల చివర రాగి రంగు మచ్చ. యూరప్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లతో పాటే ఇదీ అమెరికా చేరింది. ఆడ పురుగు ఆకు మీదో కాయ మీదో ఒక్కొక్క గుడ్డే విడివిడిగా పెడుతుంది. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల పురుగు ఎక్కువసేపు బయట తిరగదు. కాయ తొలుచుకుని లోపలికి పోయి, నేరుగా గింజల దాకా వెళ్లి, గింజలు తిని బలిసి, మళ్లీ బయటికొచ్చి బెరడు కింద గూడు కట్టుకుంటుంది. ఏడాదికి రెండు తరాలు, ఎండ ముదిరిన ఏడు మూడో తరం కూడా. కాయలోకి దూరిందంటే ఇక ఏ మందూ దాన్ని తాకదు. గుడ్డు పగలడానికీ కాయలోకి దూరడానికీ మధ్య ఉన్న కొద్ది గంటలే మందుకు దొరికే సమయం. అందుకే ఇక్కడి రైతులు తరతరాలుగా తోటను మందుతో కప్పి ఉంచారు. 1940ల దాకా లెడ్ ఆర్సినేట్, అంటే సీసమూ పాషాణమూ. పురుగు దానికి తట్టుకోవడం నేర్చుకుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ. దానికీ తట్టుకుంది. తర్వాత అజిన్‌ఫాస్ మిథైల్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు. యాపిల్ మీద అజిన్‌ఫాస్ మిథైల్ వాడకాన్ని క్రమంగా తగ్గించి 2013 నాటికి పూర్తిగా ఆపేశారు. లెడ్ ఆర్సినేట్ మాత్రం ఇంకా పోలేదు. పాత తోటలు కొట్టేసి బళ్లు కట్టిన చోట్ల పిల్లలు ఆడుకునే మట్టిని తీసి మార్చాల్సి వచ్చింది.

ఈ చరిత్ర నాకు పరాయిదిగా అనిపించలేదు. మాది పల్నాడు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమా పచ్చపురుగూ ఊడ్చేసినప్పుడు, తర్వాత వరంగల్ రైతుకు అదే గతి పట్టినప్పుడు, మందు మీద మందు కొట్టి అప్పుల్లో కూరుకుపోయి, అదే మందు తాగి ప్రాణాలు తీసుకున్నవాళ్ల కథలు వింటూ పెరిగిన ఇళ్లు మావి. నాన్న చొక్కా లేకుండా వీపున డబ్బా వేసుకుని మోనోక్రోటోఫాస్ కొట్టి వచ్చేవాడు. ఆ మందు వాసన ఇల్లంతా ఉండేది. మందు లేకుండా పురుగును ఆపే దారి ఏదైనా ఉంటే దాని కోసం బతకాలని చదువుకునే రోజుల్లోనే అనుకున్నాను. నా తప్పుకు ఈ కోరిక కూడా ఒక కారణం. నాకు ఇష్టమైన పద్ధతి గెలవాలని అంతగా కోరుకున్నాను కాబట్టే, అది ఓడిపోతున్న గుర్తులు కనిపించినా చూడలేకపోయాను.

ఆ పద్ధతి ఏమిటో చెప్పాలి. చీకటి పడే వేళ ఆడ పురుగు కొమ్మ మీద కూర్చుని, పొట్ట చివర సాచి, కంటికి కనపడనంత కొద్దిగా ఒక వాసన వదులుతుంది. గాలిలో ఆ వాసన పట్టుకుని మగ పురుగు ఎదురుగాలికి ఎగురుతూ దాన్ని చేరుతుంది. ఇలాంటి వాసనను మొదటిసారి గుర్తుపట్టింది జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాంట్. సుమారు అయిదు లక్షల ఆడ పట్టుపురుగుల నుంచి తీసి, ఇరవై ఏళ్ల శ్రమ తర్వాత 1959లో దాని నిర్మాణం చెప్పాడు. కాడ్లింగ్ మాత్ వాసనను 1971లో కార్నెల్ విశ్వవిద్యాలయం వారి జెనీవా కేంద్రంలో వెండెల్ రోలోఫ్స్ బృందం తేల్చింది. పురుగు మీసానికి సన్నని తీగలు తగిలించి, ఏ రసాయనం ఊదితే ఆ మీసం విద్యుత్తుతో బదులిస్తుందో చూసి కనిపెట్టారు. అంత చిన్న ప్రాణిని అడిగి, దాని జవాబు విని రాసుకున్న ఆ పని అంటే నాకు ఇప్పటికీ గౌరవం.

వాసన ఏమిటో తెలిశాక దాన్ని రెండు రకాలుగా వాడవచ్చు. ఒకటి మన రైతులందరికీ తెలిసిందే, లింగాకర్షక బుట్ట. లోపల ఎర, అడుగున జిగురు అట్ట. మగ పురుగు వచ్చి అంటుకుంటుంది, మనం లెక్కపెట్టుకుంటాం. రెండోది, తోట మొత్తాన్ని ఆ వాసనతో నింపడం. పొట్టి ప్లాస్టిక్ తీగల్లో కృత్రిమంగా తయారుచేసిన వాసన నింపి, ఎకరానికి నాలుగు వందల దాకా కొమ్మలకు చుడతారు. నెలల తరబడి అవి కొద్దికొద్దిగా వాసన వదులుతూనే ఉంటాయి. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవాణ్ణి అమ్మ ఒక్కతే పిలిస్తే గొంతు పట్టుకుని వెళ్లగలడు. అదే పిలుపు నాలుగు దిక్కుల నుంచి మైకుల్లో మోగితే ఎటు పోవాలో తెలియక తిరుగుతాడు. మగ పురుగు సంగతీ అంతే. ఉత్త తీగల వెంట తిరిగి రాత్రి గడిపేస్తుంది. జత కలవని ఆడ పురుగు గుడ్డు పిల్ల కాదు. ఆలస్యంగా కలిసినా గుడ్లు తగ్గుతాయి. విషం లేదు, తేనెటీగకు హాని లేదు, కాయ మీద అవశేషం లేదు. అమెరికాలో ఇది మొదట 1978లో పత్తి గులాబీ రంగు పురుగు మీద అమ్మకానికి వచ్చింది. యాపిల్ తోటలకు 1991లో అనుమతి దొరికింది.

ఇక నా సంగతి.

ఆ తోట పది ఎకరాల లోపే. కొండవాలు మీద ఉంది. పైగట్టున రైతు పాత చెక్క బిన్నులు వరుసలుగా పేర్చి ఉంచుకునేవాడు. బిన్ను అంటే కోసిన కాయలు నింపే పెద్ద చెక్కపెట్టె. గట్టు అవతల ఒక ఇల్లు, పెరట్లో ఎవరూ పట్టించుకోని రెండు ముసలి యాపిల్ చెట్లు. ఇవన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. నేను వాటిని తోటలో భాగంగా లెక్కపెట్టలేదు, అంతే. రైతు పెద్దాయన, ముప్పై ఏళ్లకు పైగా యాపిల్ పండించినవాడు. వాసన తీగల మీద ఆయనకు గురి లేదు. నా మాట విని కట్టించాడు. పూత వచ్చే రోజుల్లో, రెక్కల పురుగులు బయటికి రాకముందే కూలీలు కట్టేశారు. అక్కడిదాకా సవ్యంగానే జరిగింది.

బుట్టలు నేనే వేలాడదీశాను. అందులో పెట్టింది మామూలు ఎర, ఒక మిల్లీగ్రాము వాసన పట్టించిన ఎర్ర రబ్బరు బిళ్ల. తోట నిండా నాలుగు వందల తీగలు అదే వాసన వదులుతుంటే, వాటి మధ్య ఆ చిన్న బిళ్లను మగ పురుగు ఎలా పట్టుకుంటుంది? పట్టుకోదు. వాసనతో నింపిన తోటలో పది మిల్లీగ్రాముల ఎర పెట్టాలని నేను చదువుకున్నాను. పెట్టెలో ఉన్నవే వాడేద్దామనుకున్నాను. పైగా చేతికి అందే ఎత్తులో కట్టాను. కాడ్లింగ్ మాత్ సాయంత్రం తిరిగేది చెట్టు తలమీద, పై మూడో వంతులో. నిచ్చెన తెచ్చుకునే ఓపిక లేక కింద కట్టిన బుట్ట అది. ఆ తర్వాత ప్రతిసారీ వెళ్లి అట్ట తీసి చూస్తే శుభ్రంగా ఉండేది. ఆ శుభ్రతను చూసి సంబరపడ్డాను.

ఈ విషయం మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే తోటలో తిరిగే యువకులు ఇప్పటికీ ఇక్కడే పొరబడుతున్నారు. వాసన తీగలు కట్టని తోటలో ఖాళీ బుట్టకు ఒకటే అర్థం: పురుగు తక్కువ. వాసన తీగలు కట్టిన తోటలో ఖాళీ బుట్టకు మూడు అర్థాలుంటాయి. పురుగు నిజంగా లేకపోవచ్చు. పురుగు ఉండి, మగది ఆడదాన్ని కనుక్కోలేకపోతూ ఉండవచ్చు; మనం కోరేది అదే. లేదా పురుగు నిండుగా ఉండి, మగవి దగ్గర్లోని ఆడవాటిని ఎలాగోలా చేరుతూ, మన బలహీనమైన ఎరను మాత్రం వాసన పట్టలేకపోతూ ఉండవచ్చు. ఈ మూడింటినీ విడదీసి చెప్పగలిగేది బుట్ట కాదు, కాయ. కాయలు చూడాలి, అనుమానం ఉన్నవాటిని కోసి చూడాలి. నేను బుట్ట చూసి ఇంటికి పోయేవాణ్ణి.

తొలి తరం పురుగు పొదిగే వేళకు రైతు అడిగాడు: "ఒక్క తడవైనా మందు కొడదామా? నిరుడు ఈ తోటలో పుచ్చు బాగానే వచ్చింది." నేను బుట్టల సంగతి చెప్పి వద్దన్నాను. ఆ మాటలోని రెండో వాక్యం నా చెవికెక్కలేదు. నిరుడు పుచ్చు ఎంత శాతం వచ్చిందో ఆయన ప్యాకింగ్ షెడ్డు చీటీలో ఉండేది. అడిగి చూడలేదు. వాసన పద్ధతికి అసలు షరతే అది: పురుగు సంఖ్య తక్కువగా ఉన్న చోటే బాగా పనిచేస్తుంది. చెట్టుకు ఒకటీ అరా ఉంటే మగది ఎంత తిరిగినా ఆడది దొరకదు. కొమ్మకు ఒకటి ఉంటే వాసన అక్కర్లేకుండానే ఎదురుపడతాయి. అందుకే పుచ్చు ఎక్కువున్న తోటలో మొదటి ఏడు తీగలతో పాటు మందు కూడా కొట్టి పురుగును కిందికి దించాలి, తర్వాతి ఏళ్లలో మందు తగ్గించుకోవాలి. పద్ధతిని తయారుచేసినవాళ్లే ఈ మాట చెప్పారు. మందు మానేయాలన్న తొందరలో నేను ఆ మెట్టు దాటేశాను.

జూన్‌లో కాయలు పలుచన చేస్తున్నప్పుడు ఒక కూలీ ఆవిడ నన్ను పిలిచి ఒక పిందె చూపించింది. పక్కన చిన్న కన్నం, దాని చుట్టూ తడిసిన రంపపు పొట్టు లాంటి గోధుమరంగు రెట్ట. పైవరుస చెట్టుది. ఆవిడ మెక్సికో నుంచి వచ్చి ఈ లోయలో ఎన్నో ఏళ్లుగా యాపిల్ చెట్ల మధ్య పని చేస్తున్న మనిషి. స్పానిష్‌లో ఏదో చెప్పింది. చేత్తో పైగట్టు వైపు చూపించింది. అంచు చెట్లలో ఒకటీ అరా ఉంటాయిలే అనుకుని తల ఊపి వచ్చేశాను. ఆ రోజు ఆవిడ చూపించిన దిక్కుకు నడిచి ఉంటే బిన్నులూ కనపడేవి, పెరటి చెట్లూ కనపడేవి, సగం పంటైనా నిలిచేది. మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. పుస్తకం చెప్పింది మరిచాను, అది వేరు. ఎదురుగా నిలబడి చెప్పిన మనిషి మాటను, కూలీ కదా అని మనసులో ఎక్కడో తక్కువ చేశాను. ఆవిడకు క్షమాపణ చెప్పుకున్నాను గానీ, కోత అయిపోయాక.

ఆగస్టులో రెండో తరం పిల్లలు దూరాయి. కోతలో పైవరుసల నుంచి మొదలై తోట మధ్యదాకా పుచ్చే. ప్యాకింగ్ షెడ్డు వాళ్లు ఏరడం కూడా దండగని లోడునంతా రసానికి రాశారు. పుచ్చుకాయ ఒక్కటి డబ్బాలో దూరినా బయటి దేశాలతో తంటా. తైవాన్ లాంటి దేశాలు ఈ పురుగు దొరికిందని అమెరికా యాపిల్‌ను ఆపేసిన సందర్భాలున్నాయి. వాళ్ల జాగ్రత్త వాళ్లది. రైతు నన్నేమీ అనలేదు. "బుట్టలు ఖాళీ అన్నావు కదా" అని మాత్రం అన్నాడు. ఖాళీగానే ఉన్నాయి మరి. నేను చెప్పింది అబద్ధం కాదు. దాని అర్థమే తప్పు చెప్పాను.

చలికాలంలో ఆ తోట అంతా మళ్లీ నడిచాను. ఏం జరిగిందో ఆకులు రాలిన చెట్ల మధ్య స్పష్టంగానే కనిపించింది. ఈ వాసన ఆవిరి గాలికన్నా బరువు. సాయంత్రం చల్లబడ్డ గాలి వాలు వెంట కిందికి జారుతుంది, దాంతో పాటు వాసనా జారుతుంది. కింద వరుసల్లో నిండుగా, పైగట్టున బోసిగా. బోసిగా ఉన్న ఆ అంచునే బిన్నులున్నాయి. చెక్క పగుళ్లలో నిరుటి పురుగు గూళ్లు కట్టుకుని చలికాలమంతా పడుకుంది. వేలితో గీకితే తెల్లని పట్టుగూళ్లు ఊడివచ్చాయి. పెరటి చెట్లది ఇంకో కథ. అక్కడ వాసన తీగలేమీ లేవు కాబట్టి అక్కడి ఆడ పురుగులు హాయిగా జతకట్టి గుడ్లు కడుపున పెట్టుకుని గట్టు దాటి వచ్చాయి. జతకట్టి వచ్చిన ఆడ పురుగును ఏ వాసనా ఆపలేదు. మగదాన్ని తికమక పెట్టడం తప్ప ఈ పద్ధతికి మరో శక్తి లేదు. ఈ ఒక్క వాక్యం అర్థం చేసుకుని ఉంటే, పది ఎకరాలైనా లేని వాలు తోటకు నేను ఈ పద్ధతి ఒంటరిగా సలహా ఇచ్చేవాణ్ణే కాదు.

విద్యార్థిగా ఉన్నప్పుడు నేను పదేపదే వల్లెవేసిన ఉదాహరణ ఒకటుంది. 1995 నుంచి 1999 దాకా అమెరికా వ్యవసాయ శాఖ, వాషింగ్టన్, ఆరెగాన్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు కలిసి పడమటి రాష్ట్రాల్లో ప్రాంతమంతా ఒకేసారి వాసన తీగలు కట్టించే పథకం నడిపాయి. షెలాన్ సరస్సు దగ్గర హోవర్డ్ ఫ్లాట్ అనే చోట సుమారు 1,200 ఎకరాలు అందులో ఉన్నాయి. ఆర్గానోఫాస్ఫేట్ మందుల వాడకం నాలుగింట మూడు వంతులు తగ్గింది, పుచ్చూ తగ్గింది. ఆ "నాలుగింట మూడు వంతులు" నా నోటికి వచ్చు. మళ్లీ కూర్చుని చదివితే దాని వెనక ఉన్న పని కనపడింది. పక్కపక్క రైతులందరూ ఒప్పుకున్నారు. బుట్టలూ కాయలూ చూడటానికి మనుషుల్ని పెట్టుకున్నారు. మొదట్లో మందు కూడా కొట్టారు. ఫలితం అంకె గుర్తుపెట్టుకుని, దాన్ని తెచ్చిన మనుషుల ఒప్పందాన్ని నేను మరిచాను.

మరుసటి ఏడు చేసిన మార్పులు చెప్పడం తేలిక, చేయడం కష్టం. బిన్నులు తోటకు దూరంగా తరలించాం. పెరటి చెట్ల యజమానురాలి ఇంటికి రైతూ నేనూ కలిసి వెళ్లాం. పట్టించుకోని చెట్లను తీయించే అధికారం ఇక్కడి కౌంటీ బోర్డులకు చట్టప్రకారం ఉంది. ఆ మాట ఎత్తకుండానే, కాయలు కోసి చూపించి అడిగాం. ఆవిడ ఒప్పుకున్నారు. మనసు నొచ్చుకుంటూనే ఒప్పుకున్నారు, ఆ చెట్లు వాళ్లాయన నాటినవట. పైగట్టు వరుసల్లో తీగలు దట్టంగా, చెట్టు తలమీద కట్టించాం. తొలి తరం మీద రైతు అడిగిన మందు కొట్టాం. దాంతో పాటు ఈ పురుగునే చంపే ఒక వైరస్ మందు కూడా వాడాం, దీని దగ్గరి బంధు జాతులు కొన్ని తప్ప అది మరే జీవినీ ముట్టదు. బుట్టల్లో ఎర మార్చాను. పండిన బేరి పండు వాసనలోని ఒక పదార్థానికి మగవే కాక ఆడ పురుగులు కూడా వస్తాయని డగ్లస్ లైట్, అలన్ నైట్ అనే శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించారు. నైట్ పనిచేసింది మా యాకిమా పక్కనే వాపాటో కేంద్రంలో. కూతవేటు దూరంలో జరిగిన పనిని ఒక తోట పోయాక గాని నేను వాడలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రతి వారం కాయలు చూశాం. ఆ కూలీ ఆవిడను రైతు ఆ పనికే పెట్టాడు. ఆవిడ కన్ను నా బుట్టలకన్నా ముందు చెప్పేది. పుచ్చు ఒక్క ఏట పోలేదు. కోత కోతకూ దిగుతూ వచ్చింది, మందు తడులూ దిగాయి. ఆ పద్ధతి ఓడిపోయిందని నేను ఎప్పుడూ అనను. ఓడింది దాన్ని అరకొరగా వాడిన నేను.

ఈమధ్య పల్నాడు నుంచి మా బావ ఫోన్ చేశాడు. గులాబీ రంగు పురుగుకు మొక్కలకు కట్టే తాళ్లొచ్చాయట, హైదరాబాద్‌లో తయారయ్యే పేస్టు కూడా ఉందట, నిజమేనా అని. నిజమే అన్నాను. "అయితే మన నాలుగెకరాలకూ కట్టేస్తాను, నువ్వు సరేనంటే చాలు బావా" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఆ వాలు తోట కళ్లముందు కదిలింది. సరేననలేదు. "మన చేను చుట్టూ ఉన్నవాళ్లు కడతారా?" అని అడిగాను. "వాళ్ల సంగతి నాకెందుకు?" అన్నాడు. వాళ్ల సంగతే అసలు సంగతని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

గులాబీ రంగు పురుగు బీటీ పత్తిని తట్టుకోవడం మన దేశంలో గుజరాత్‌లో మొదలై ఇప్పుడు తెలుగు నేల మీదా అందరికీ తెలిసిన కష్టమే. అదే పురుగు అమెరికా పత్తిలో లేకుండా పోయిందని అక్కడి వ్యవసాయ శాఖ 2018లో ప్రకటించింది. బీటీ విత్తనం, వాసన తీగలు, వంధ్యం చేసి వదిలిన పురుగులు, పంట తీయగానే మోళ్లు దున్నేయడం, ఇవన్నీ కలిపి, ప్రాంతం మొత్తం మీద, ఏళ్ల తరబడి చేస్తే వచ్చిన ఫలితం అది. మన దగ్గర చేను రెండెకరాలు, మూడెకరాలు. నడుమ ఒక్కడు తాళ్లు కడితే చుట్టూ ఉన్న చేలల్లో జతకట్టిన ఆడ పురుగులు అతని చేలోకే వచ్చి గుడ్లు పెడతాయి. నా బిన్నుల లాంటివి మనకూ ఉన్నాయి: ఇళ్ల ముందు, గట్ల మీద వాము వేసిన పత్తి కట్టె, జిన్నింగ్ మిల్లుల ఆవరణలు. ఆ కట్టెకు మిగిలిన ఎండు కాయల్లో, గింజల్లో పురుగు వేసవంతా పడుకుంటుంది.

కాబట్టి మన రైతు సోదరులకూ, వ్యవసాయ అధికారులకూ, రైతు ఉత్పత్తిదారుల సంఘాల పెద్దలకూ నా విన్నపం ఒకటే. తాళ్లు కొనేముందు ఊరి పత్తి రైతులంతా రైతు వేదికలోనో రైతు సేవా కేంద్రంలోనో ఒకసారి కూర్చోండి. ఎవరి చేను ఎక్కడుందో గీసుకుని, ఒకదానికొకటి ఆనుకుని ఉన్న చేలన్నీ కలిపి, పూమొగ్గ తొడిగే వేళకు ఒకే వారంలో కట్టండి. కట్టె వాములు అంతకుముందే ఊడ్చేయండి. కట్టాక లింగాకర్షక బుట్టలో పురుగు పడలేదని ధీమా పడకండి. విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డి పూలు ఉన్నాయేమో వెతకండి, ఎకరానికి ఇరవై పచ్చికాయలు కోసి పగలగొట్టి చూడండి. పుచ్చు పదో వంతుకు చేరితే మందు కొట్టడానికి మొహమాటపడకండి. చేలో పనిచేసే ఆడవాళ్లెవరైనా ఒక కాయ తెచ్చి చూపిస్తే, ఆ కాయ ఏ గట్టున కోశారో అడిగి, వాళ్లతో కలిసి అక్కడిదాకా నడవండి.